జీన్ రిపోర్ట్ వచ్చేదాకా మాత్ర ఆపుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 48 ఏళ్లు. నాలుగు నెలల కిందట గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. రక్తం పలచబడటానికి రెండు రకాల మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర ఇచ్చారు. మా మామగారు కూడా 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. మావారు రెండు వారాలుగా కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. తొడలు, పిక్కలు నొప్పులంటున్నారు. ఇంజనీరింగ్ పూర్తిచేసిన మా అబ్బాయికి 22 ఏళ్లు. "అందరికీ ఒకే మందు ఇచ్చే రోజులు పోయాయమ్మా, జీన్ టెస్ట్ చేయించి నాన్నకు సరిపడే మందులే వాడదాం" అంటాడు. ఆ రిపోర్ట్ వచ్చాకే మాత్ర మళ్లీ మొదలుపెడతానని మావారి పట్టుదల. అబ్బాయి వాళ్ల నాన్న వివరాలు ఏదో రిస్క్ కాలిక్యులేటర్‌లో వేస్తే 9 శాతం వచ్చిందట, పెద్ద ప్రమాదం లేదంటున్నాడు. గుండెను కనిపెట్టుకుని ఉంటుందని స్మార్ట్‌వాచ్ కూడా కొనిచ్చాడు. అమ్మాయికి 17 ఏళ్లు. పిల్లలకూ ఈ జబ్బు వస్తుందేమోనని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరికి ఏ టెస్టులు చేయించాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, టెస్టుల సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ మాత్ర. ఇది చదివిన రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, కొలెస్ట్రాల్ మాత్ర రెండు వారాలుగా వేసుకోవడం లేదని, కండరాల నొప్పులున్నాయని చెప్పండి. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మెట్లెక్కలేనంత నీరసం ఉన్నా ఆ మాట కూడా అప్పుడే చెప్పాలి. అలాంటిది అరుదు. కానీ ఉంటే మాత్రం వెంటనే చూడాల్సిందే.

రక్తం పలచబడటానికి ఇచ్చిన ఆ రెండు మాత్రలూ మీవారు రోజూ వేసుకుంటున్నారో లేదో మీరే ఒకసారి స్ట్రిప్పులు తీసి లెక్కపెట్టండి. స్టెంట్ వేసిన తొలి నెలల్లో వాటిని సొంతంగా ఆపేస్తే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టవచ్చు. అది ఇంకో గుండెపోటే, ప్రాణం మీదకు తెచ్చే గుండెపోటు. ఒక మాత్ర మీద నమ్మకం పోయినవాళ్లు చాలాసార్లు రెండో మాత్ర కూడా ఇంట్లోవాళ్లకు తెలియకుండా మానేస్తారు. అందుకే అడుగుతున్నాను.

ఇక ఆ నొప్పులు. అవి ఉత్తివని నేను అనను. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో కొందరికి నిజంగానే కండరాలు నొప్పి పెడతాయి. అయితే ఎంత నొప్పి మాత్ర వల్ల, ఎంత నొప్పి "ఈ మాత్ర నాకు పడదు" అనే భయం వల్ల అన్నది తేల్చడానికి బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. దాని పేరు సామ్‌సన్, ఫలితాలు 2020లో వచ్చాయి. బాధలు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో అసలు స్టాటిన్, నాలుగింట్లో అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు, మిగతా నాలుగూ ఖాళీ. నెలకో సీసా. మాత్రలున్న సీసాల్లో ఏది అసలుదో ఏది ఉత్తిదో వాళ్లకు తెలియదు. రోజూ ఫోన్‌లో తమ బాధకు 0 నుంచి 100 దాకా మార్కులు వేసుకోవాలి. ఖాళీ సీసా నెలల్లో సగటు మార్కు 8. స్టాటిన్ నెలల్లో 16.3. మరి ఉత్తుత్తి మాత్ర నెలల్లో? 15.4. అంటే స్టాటిన్ వేసుకున్న నెలల్లో పెరిగిన బాధలో 90 శాతం దాకా ఏ మందూ లేని మాత్రతోనూ వచ్చింది. బాధ నిజమే, కారణమే వేరు. తమ సొంత లెక్కలు తాము చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఈ ప్రయోగమంటే నాకు చాలా గౌరవం. మీ అబ్బాయి చెబుతున్న "మనిషిని బట్టి మందు" అన్నమాట ఇందులో పూర్తిగా ఉంది. ఒక మనిషి శరీరం ఏమంటోందో ఆ మనిషి దగ్గరే, రోజుకో అంకె చొప్పున అడిగి తెలుసుకున్నారు. దానికి జీన్ టెస్ట్ అక్కర్లేదు, ఏఐ అక్కర్లేదు. మీవారూ రేపటి నుంచి ఒక పుస్తకంలో తేదీ వేసి నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకోవచ్చు. ఇప్పటికి మాత్ర ఆపి రెండు వారాలైంది కదా, నొప్పి తగ్గిందా? తగ్గకపోతే అదే మీ డాక్టర్‌కు కావలసిన మొదటి సమాచారం.

ఆ తరవాత ఆయన చేసేవి మామూలు పనులే. సీకే అనే రక్తపరీక్షతో కండరాలు దెబ్బతిన్నాయేమో చూస్తారు. థైరాయిడ్ చూస్తారు, ఎందుకంటే అది తక్కువగా ఉన్నవాళ్లకు స్టాటిన్‌తో నొప్పులు తేలిగ్గా వస్తాయి. వేరే మందు ఏదైనా దీనితో కలిసి ఇబ్బంది పెడుతోందా అని అడుగుతారు. అవసరమైతే డోసు తగ్గిస్తారు, వేరే స్టాటిన్‌కు మారుస్తారు, లేదా తక్కువ డోసు స్టాటిన్‌కు ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు జత చేస్తారు. అసలు ఏ స్టాటినూ పడనివాళ్లకు బెంపెడోయిక్ యాసిడ్ ఉంది, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇన్ని దారులున్నప్పుడు ఏమీ వేసుకోకుండా ఉండాల్సిన పని లేదు. చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఐదో వంతు దాకా తగ్గుతాయని లక్షమందికి పైగా పాల్గొన్న పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది.

స్టాటిన్ నొప్పులకూ జీన్‌కూ సంబంధమే లేదా అని మీ అబ్బాయి అడుగుతాడు. ఉంది. ఎస్‌ఎల్‌సీఓ1బీ1 అనే జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు కండరాల ఇబ్బంది ఎక్కువని 2008లో బయటపడింది. కానీ ఆ సంబంధం గట్టిగా కనిపించింది సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల డోసులో. ఆ డోసును ఇప్పుడు కొత్తగా ఎవరికీ మొదలుపెట్టరు. గుండెపోటు తరవాత ఎక్కువగా ఇచ్చే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్‌లతో ఆ సంబంధం అంత బలంగా లేదు. కాబట్టి ఆ రిపోర్ట్ ఏం వచ్చినా, డాక్టర్ చేయాల్సింది పైన చెప్పినదే. దానికోసం మాత్ర ఆపి ఎదురుచూడటం దండగ. దండగే కాదు, ప్రమాదం.

అయినా మీ అబ్బాయి మాటను నేను కొట్టిపారేయడం లేదు. ఒకచోట వాడు చెప్పింది ముమ్మాటికీ సరైనది. పలచబడటానికి ఇచ్చిన మాత్రల్లో ఒకటి ఆస్పిరిన్ అయి ఉంటుంది. రెండోదాని పేరు ఏమిటో చూడండి. అది క్లోపిడోగ్రెల్ అయితే కింది పేరా మీకోసమే. టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్ అయితే దాటేయండి.

క్లోపిడోగ్రెల్ నోట్లో వేసుకున్నప్పుడు ఇంకా మందు కాదు. కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని మార్చాకే అది పనిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జీన్ పేరు సీవైపీ2సీ19. కొందరిలో ఆ జీన్ బలహీనంగా ఉంటుంది. వాళ్లు మాత్ర రోజూ క్రమంగా వేసుకుంటారు, కానీ లోపల మందు కావలసినంత తయారు కాదు. అందుకే 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద తన అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. అలాగని అందరికీ ఈ పరీక్ష చేయాలా అంటే, పరిశోధనలు ఇంకా ఒక్క మాట మీదకు రాలేదు. 2020లో వచ్చిన టైలర్-పీసీఐ అనే పెద్ద పరిశోధనలో, జీన్ బలహీనంగా ఉన్నవాళ్లకు మందు మారిస్తే ఏడాదిలో గుండెపోటు లాంటి ప్రమాదాలు 4 శాతం మందికి, మార్చకపోతే 5.9 శాతం మందికి వచ్చాయి. చూడటానికి తేడా ఉంది. కానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి గణాంకాలకు కావలసిన గీతను కొద్దిలో దాటలేకపోయింది. అందుకే కొందరు డాక్టర్లు ఈ టెస్ట్ రాస్తారు, కొందరు రాయరు. ఇద్దరిదీ తప్పు కాదు.

నా అభిప్రాయం అడిగితే, రెండో మాత్ర క్లోపిడోగ్రెల్ అయితే ఈ పరీక్ష సంగతి మీ డాక్టర్‌ను అడగండి. స్టెంట్‌లో గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉండేది తొలి నెలల్లోనే, అందులో నాలుగు గడిచిపోయాయి. ఇప్పుడు చేస్తే ఎంత ఉపయోగమో ఆయనే చెప్పగలరు. నేను ఈ టెస్ట్‌ను గౌరవించేది ఒక కారణం వల్ల. దీని జవాబును బట్టి చేతిలోని మాత్ర మారవచ్చు. ఏ టెస్ట్ గురించైనా మీ అబ్బాయి చెప్పినప్పుడు ఇదే అడగండి: "రిపోర్ట్ ఇలా వస్తే ఏం మారుస్తారు, అలా వస్తే ఏం మారుస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ టెస్ట్ మీకు అక్కర్లేదు.

ఆ 9 శాతం గురించి. ఇక్కడ మీ అబ్బాయి తెలియక పెద్ద పొరపాటు చేశాడు, సున్నితంగా చెప్పండి. ఆ కాలిక్యులేటర్లు ఇంతవరకు గుండెజబ్బు రానివాళ్ల కోసం తయారైనవి. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి వివరాలు అందులో వేయకూడదు. వేసినా అది వద్దనదు, ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. మీవారికి ప్రమాదం ఉందా లేదా అన్నది లెక్కలు వేసి తెలుసుకునే దశ దాటిపోయింది. ఆయన ఇప్పుడు ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ల జాబితాలోనే ఉన్నారు. ఎల్‌డీఎల్ 70 కంటే కిందికి, యూరప్ డాక్టర్ల లెక్కలో 55 కంటే కిందికి తేవాలనేది అందుకే.

ఈ లెక్కల పుట్టుక కూడా తెలిస్తే మంచిది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్షలు చేస్తూ ఎవరికి గుండెజబ్బు వస్తోందో దశాబ్దాల తరబడి గమనించారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెకు శత్రువులని ఇవాళ మనం ఇంత ధీమాగా అంటున్నామంటే అందులో ఆ ఊరివాళ్ల పుణ్యం చాలా ఉంది. సమాచారంతో వైద్యం చేయడం అక్కడ మొదలైందనే నేనంటాను, కంప్యూటర్లతో కాదు. కానీ వాళ్లు దాదాపుగా అందరూ తెల్లజాతివాళ్లు. వేరే జాతులవాళ్లకు ఆ లెక్క వేస్తే కొన్నిచోట్ల ఎక్కువ చూపింది, కొన్నిచోట్ల తక్కువ చూపింది, సవరణలు కావలసి వచ్చాయి. ఇంకో మాట. 9 శాతం అంటే అలాంటి వివరాలే ఉన్న వందమందిలో పదేళ్లలో తొమ్మిదిమందికి జబ్బు రావచ్చని. ఆ తొమ్మిదిమంది ఎవరో అది చెప్పదు.

పిల్లల గురించి మీ దిగులు నాకు అర్థమైంది. తాత 51కి, తండ్రి 48కి. రెండు తరాల్లో చిన్న వయసులోనే వచ్చిందంటే ఇంట్లో ఏదో నడుస్తోందా అని చూడాల్సిందే. దానికి ముందు ఖరీదైన జీన్ టెస్ట్ వద్దు. మీవారి పాత రిపోర్టులు వెతకండి. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టక ముందు ఎల్‌డీఎల్ ఎంత ఉండేది? 190, అంతకు మించి ఉంటే వంశంలో వచ్చే అధిక కొలెస్ట్రాల్ జబ్బును అనుమానించాలి. ప్రతి 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది, చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. తండ్రికి ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అదే నిజమైతే అప్పుడు జీన్ టెస్ట్‌కు అర్థం ఉంది. ఏ జీన్‌లో మార్పో తెలిస్తే మీ పిల్లలను, మీవారి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, వాళ్ల పిల్లలను కూడా పరీక్షించి, గుండెపోటు రాకముందే మందు మొదలుపెట్టొచ్చు. ఒక మనిషి రిపోర్ట్ ఒక కుటుంబాన్ని కాపాడే సందర్భం అది.

రెండో పరీక్ష లైపోప్రోటీన్-ఎ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం. మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో ఇది ఉండదు, విడిగా అడగాలి. 1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ దీన్ని కనిపెట్టారు. దీని స్థాయి దాదాపు పూర్తిగా పుట్టుకతో వచ్చేదే, జీవితంలో పెద్దగా మారదు, కాబట్టి చాలామందికి ఒక్కసారి చేయిస్తే చాలు. డెసిలీటర్‌కు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువన్నట్టు. ప్రతి ఐదుగురిలో ఒకరికి అలా ఉంటుంది. దీన్ని తగ్గించడానికే చేసిన మందులు ఇంకా పరిశోధనల్లో ఉన్నాయి. మందు లేనప్పుడు తెలుసుకుని ఏం లాభం అనుకోవద్దు. ఇది ఎక్కువగా ఉందని తెలిస్తే మిగతావన్నీ, అంటే ఎల్‌డీఎల్, బీపీ, పొగ, బరువు, మామూలు మనుషుల కంటే ముందుగా, గట్టిగా పట్టించుకుంటారు. మీవారికి చేయించండి. పిల్లలిద్దరికీ మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష ఇప్పుడే చేయించండి. తండ్రికి లైపోప్రోటీన్-ఎ ఎక్కువ వస్తే వాళ్లకు అదీ చేయించాలి.

నోట్లోని లాలాజలం పంపితే "గుండెజబ్బు జన్యు స్కోరు" పంపే టెస్టులున్నాయి. వాటి వెనక ఉన్న శాస్త్రం గట్టిదే. 2018లో వచ్చిన ఒక పరిశోధన జన్యువుల్లో 66 లక్షల చిన్న తేడాలను కలిపి లెక్క కట్టి, జనంలో 8 శాతం మందికి గుండెజబ్బు ప్రమాదం మూడు రెట్లు ఉందని చూపింది. కానీ ఈ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల సమాచారంతో తయారయ్యాయి, మిగతావాళ్ల విషయంలో వాటి గురి తగ్గుతుంది. మీ అబ్బాయికి తాత, తండ్రి చరిత్రే చాలినంత గట్టి హెచ్చరిక. స్కోరు తక్కువ వచ్చిందని వాడు నిశ్చింతగా ఉంటాడేమోనని నా భయం. స్కోరు ఎక్కువ వచ్చినా తలరాత అనుకోనక్కర్లేదు. 2016లో అదే రంగంలో వచ్చిన ఇంకో పరిశోధనలో, జన్యు ప్రమాదం ఎక్కువున్నా పొగ తాగకుండా, బరువు పెరగకుండా, వ్యాయామం, మంచి ఆహారం పాటించినవాళ్లకు జబ్బు దాదాపు సగం తగ్గింది. 22 ఏళ్లవాడికి నేను జీన్ టెస్ట్ కంటే ముందు అడిగేది సిగరెట్ సంగతి. మీరు కూడా అడగండి, కోప్పడకుండా.

జీన్ల శాస్త్రం మీద నాకు చిన్నచూపు ఉందనుకోకండి. అది ఇచ్చిన గొప్ప బహుమతి ఒకటి చెబుతాను. 2003లో ఫ్రాన్స్‌లో అధిక కొలెస్ట్రాల్ ఉన్న కొన్ని కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అనే జీన్ అతిగా పనిచేస్తోందని కనుక్కున్నారు. మరి అదే జీన్ పనిచేయనివాళ్లు ఎలా ఉంటారు? అమెరికాలో హెలెన్ హాబ్స్, జోనథన్ కోహెన్ వెతికారు. 2006లో వాళ్లు చెప్పిన జవాబు ఇదీ: ఆ జీన్ చెడిపోయి పుట్టిన నల్లజాతివాళ్లకు గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ, వేరే ఏ లోపమూ లేదు. ప్రకృతే ప్రయోగం చేసి చూపించినట్టు. ఆ జీన్ చేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015కల్లా వచ్చేశాయి. వాటిని వాడటానికి మీవారి జీన్ ఏమిటో తెలియనక్కర్లేదు. కొద్దిమంది జీన్ల నుంచి నేర్చుకున్నది అందరికీ మందైంది. స్టాటిన్, ఎజెటిమైబ్ రెండూ చాలకపోతే మీవారికీ ఆ దారి ఉంది.

స్మార్ట్‌వాచ్ గురించి ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం ఇంట్లో అందరికీ వినిపించేలా చదవండి. వాచీ గుండెపోటును పసిగట్టదు. అది పట్టుకోగలిగింది ముఖ్యంగా లయ తప్పిన గుండెచప్పుడు. 4 లక్షల 19 వేల మందితో చేసిన యాపిల్ హార్ట్ స్టడీలో కూడా చూసింది దాన్నే. వాచీ హెచ్చరించింది వెయ్యిమందిలో ఐదుగురిని, తరవాత ఛాతీకి గుండెచప్పుడును నమోదు చేసే ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో లయ తప్పడం మళ్లీ దొరికింది మూడో వంతు మందికే. గుండెపోటును గుర్తించే ఈసీజీకి ఛాతీ మీదా కాళ్లూ చేతుల మీదా పెట్టే తీగలన్నీ కావాలి. మీవారికి మళ్లీ ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే వాచీ "నార్మల్" అన్నా సరే, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి బయలుదేరండి.

మామూలుగా కనిపించే ఈసీజీ నుంచే రాబోయే లయ దోషాన్ని పసిగట్టే ఏఐ పద్ధతులను 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి చూపించింది. అవి మంచివే, పెద్ద ఆసుపత్రుల్లో వాడకంలోకి వస్తున్నాయి. మీ ఇంటి సమస్యకు మాత్రం ఇవాళ అవి అక్కర్లేదు. మీ అబ్బాయికి అంకెల మీద ఇష్టం ఉంది కదా, వాడికో పని ఒప్పజెప్పండి. చేతికి పట్టీ చుట్టే బీపీ మెషిన్‌తో ఏడు రోజులు, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక వాళ్ల నాన్న బీపీ రాయమనండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఆ సగటు, నొప్పి మార్కుల పుస్తకం, మాత్ర మానేసిన తేదీ, పాత ఎల్‌డీఎల్ రిపోర్ట్, తాతగారి వయసు, ఇవన్నీ ఒకే కాగితం మీద పెట్టి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. జీన్ రిపోర్ట్ కంటే ముందు ఆయన చూడాలనుకునేవి ఇవే.

చివరగా ఒకటి అడగాలి. మీ ఉత్తరంలో మామగారి వయసుంది, భర్త వయసుంది, పిల్లల వయసులున్నాయి. మీ గురించి నిద్ర పట్టడం లేదన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. మీ వయసెంత, బీపీ ఎంత? కాన్పుల సమయంలో మీకు బీపీ గాని షుగర్ గాని పెరిగిందా? నెలసరి 40 లోపే ఆగిపోయిందా? వీటిలో ఏది ఉన్నా ఆడవాళ్లకు ముందుముందు గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుంది, కానీ కాన్పయి ఏళ్లు గడిచాక ఎవరూ అడగరు, మీరూ చెప్పరు. మీవారిని తీసుకుని వెళ్లిన రోజే మీ బీపీ కూడా చూపించుకోండి, ఈ వివరాలు చెప్పండి, కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఫలితాలు వచ్చాక నాకు మళ్లీ రాయండి.